మరణం వేషం

"బ్రదర్, మీరు మరణం," అంది కృపామణి, నల్ల దుప్పటి ఒకటి ఆయన చేతికిస్తూ.

చర్చికి కొత్తగా వస్తున్న ఏసోబు దాన్ని భుజాన వేసుకుని తలూపాడు.

అమెరికాలో, అల్ఫారెట్టా ఊరి తెలుగు చర్చిలో ఈస్టర్ నాటకం అది. వెనకటికి యూరప్‌లో క్రైస్తవ కవులు సద్గుణాలనీ పాపాలనీ మనుషుల్లా నడిపించి కావ్యాలు రాసేవారట. అదంతా వివరించి, నాటకం కృపామణికి అప్పగించి, పాస్టర్‌గారు సభలకని డాలస్ వెళ్లారు.

ఓర్పు, వినయం, దయ ఒకవైపు. కోపం, లోభం, అసూయ మరోవైపు. మధ్యలో ఆత్మ.

చివరికి మరణం వచ్చి ఆత్మ చెయ్యి పట్టుకుంటుంది. అందరూ జారుకుంటారు. దయ ఒక్కటే వెంట వెళుతుంది.

వేషాలు పంచడం మనవాళ్లకి ఒకరు నేర్పాలా! తెల్లగా ఉన్నవాళ్లంతా సద్గుణాలయ్యారు. చామనఛాయ వాళ్లకి పాపాలు దక్కాయి. అందరికన్నా నల్లగా, బక్కగా, మొహం నిండా గుంటలతో ఉన్న ఏసోబుకి మరణం మిగిలింది.

"దయ వేషం నేను వేయొచ్చా అమ్మా?" అనడిగాడు ఒకరోజు.

అందరూ మొహాలు తిప్పుకుని నవ్వారు.

"అది రష్మికి ఇచ్చేశాం బ్రదర్. తనకి తెల్లచీర బాగుంటుంది."

ఆత్మ వేషం షారన్‌ది. కృపామణికి ఒక్కగానొక్క కూతురు. రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్ మీద ఉంది. ఆమె కోసం చర్చిలో ప్రార్థన చేయని ఆదివారం లేదు. ఈమధ్యే ఎవరో దాత దొరికారు. పేరు చెప్పొద్దన్నారట. ఈస్టర్ మర్నాడే ఆపరేషన్.

ఆ తేదీ పాస్టర్‌గారికి తప్ప ఎవరికీ చెప్పలేదు కృపామణి. తాతల కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నా, దిష్టి భయం మాత్రం ఆ ఇంట్లోంచి కదల్లేదు.

రిహార్సల్స్‌లో ఏసోబు చూపు ఎప్పుడూ షారన్ మీదే. ఒకసారి చొక్కా చెయ్యి మడిచినప్పుడు, మోచేతి మడతలో దూది, దానిమీద టేప్ కనిపించాయి.

"డ్రగ్స్ ఏమో అక్కా," అంది రష్మి చెవిలో.

కృపామణి వెళ్లి కూతురి పక్కన కూర్చుంది.

"హీ ఈజ్ నైస్, మమ్మీ," అంది షారన్. "నేను టైర్డ్ అయితే చైర్ తెస్తాడు."

"ఆయనతో మాట్లాడకు."

శనివారం చివరి రిహార్సల్. నల్ల దుప్పటి కప్పుకుని ఏసోబు నెమ్మదిగా వచ్చి షారన్ చెయ్యి పట్టుకున్నాడు. డైలాగ్ చెప్పలేదు. వంగి, చెవి దగ్గర ఏదో అన్నాడు.

"ఏమన్నాడే?"

"సోమవారం దాకా ఓర్చుకో తల్లీ, అన్నాడు."

కృపామణి కూతుర్ని తన వెనక్కి లాక్కుంది. సోమవారం సంగతి ఇతనికెలా తెలుసు? నిజంగా మరణమే వచ్చి బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టనిపించింది.

"ఎవరు నువ్వు? నా కూతురి వెంట ఎందుకు పడ్డావ్?"

ఏసోబు తడబడ్డాడు. "పాస్టర్‌గారిని అడగండమ్మా. నేను చెప్పకూడదు."

పాస్టర్‌గారు ఫోన్ ఎత్తలేదు. ఆమె ఆగలేదు. 911కి కొట్టింది.

పోలీసులు వచ్చి పేపర్లు అడిగారు. వీసా గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఏసోబు దుప్పటి మడిచి కుర్చీ మీద పెట్టి, చేతులు ముందుకు చాచాడు. బేడీలు పడ్డాయి.

"అమ్మా, వీళ్లకి కాస్త చెప్పండి. సోమవారం దాకా నన్ను..."

కారు తలుపు మూసుకుంది.

"పీడ పోయింది," అంది రష్మి.

ఆ రాత్రి చాలాకాలానికి కృపామణి కంటినిండా నిద్రపోయింది.

ఈస్టర్ ఉదయం పాస్టర్‌గారు ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా చర్చికి వచ్చారు. దుప్పటి ఇంకా కుర్చీ మీదే ఉంది.

"ఏసోబు ఏడమ్మా?"

"పోలీసులు తీసుకెళ్లారండీ. ఇమిగ్రేషన్ వాళ్లకి అప్పగించేశారట. ఎక్కడికో వేరే స్టేట్‌కి పంపేశారు."

ఆయన ఆ దుప్పటి చేతిలోకి తీసుకున్నారు.

"పోలీసులని ఎవరు పిలిచారు?"

"నేనే. అసలెవరండీ ఆయన?"

పాస్టర్‌గారు స్టేజి మీద నీరసంగా కూర్చున్న షారన్ వంక చూశారు.

"రేపు నీ బిడ్డకి కిడ్నీ ఇవ్వాల్సిన మనిషమ్మా."