పుట్టింటి ఎద్దు

"ఎద్దు కార్జం ముందు నీ పెళ్లాం మీనా తినాలె. అప్పుడే ఊరు నీ మాట నమ్ముతది," అన్నాడు ఇర్మా.

బామ్మర్ది మంగల్ నవ్వాడు. ఖనిజం కడిగే కార్ఖానాకు కూలీలను తోలేది అతనే. కార్ఖానా మురుగు కలిసే ఎర్రవాగు నీళ్లకు దోషం లేదని ఊరి చేత అనిపిస్తానని సాబులకు మాటిచ్చాడు. చనిపోయిన అక్క గంగే దినం, అందులో ఎద్దు కాలేయం తినే ఆచారం కలిసొచ్చాయి.

"తినకేం బావా? పశువుల డాక్టర్ చెప్పిండట, కార్జంలో సీసం ఉందట! మన తాతలు ఆయన్ని అడిగే తిన్నరా?"

ఎవరూ నవ్వలేదు.

"మీ అక్క ఒళ్లు గుంజుకుపోయి చచ్చింది," అన్నాడు ఇర్మా.

"దాని రాత. వాగునేం అంటవు? నేను తెచ్చిన ఎద్దు గూడ ఆ వాగు తాగిందే."

చచ్చినామె దినానికి ఎద్దు పుట్టింటి నుంచే రావాలి. నిన్న దొడ్లో కట్టేసినప్పుడే ఇర్మా దాని కాళ్లకు లాడాలు చూశాడు. వాగు పక్క ఊళ్లలో ఎద్దులకు లాడాలు కొట్టరు. దూరాన కొంటా పట్నం సడక్ మీద బండి లాగేవాటికే కొడతారు. చూసి, నోరు మెదపలేదు.

ఇప్పుడు కాల్చిన కార్జం గంగే పేర నిలిపిన రాయి ముందు కొంచెం పెట్టి, మిగిలింది మోదుగాకులో మీనాకు అందించాడు. ఆమెకు ఏడో నెల. మొగుడి వైపు చూసింది.

"తిను. నేనున్న గదా," అన్నాడు మంగల్.

ఆమె ముక్క నోట్లో పెట్టుకుంది.

"నువ్వు తెచ్చిన ఎద్దు రాత్రి పలుపు తెంపుకొని పోయింది బామ్మర్దీ," అన్నాడు ఇర్మా నెమ్మదిగా. "ఇది మా దొడ్లో పుట్టి, వాగు తాగి పెరిగింది."

మంగల్ ఆకును ఒక్క దెబ్బ కొట్టాడు. పెళ్లాం మెడ వంచి నోట్లో వేళ్లు దూర్చాడు. "ఉమ్ము! మింగకు! ఉమ్మెయ్ మీనా!"

డప్పు ఆగిపోయింది. ఊరంతా అతన్నే చూస్తోంది. తానేం చేశాడో మంగల్‌కు అప్పుడు తెలిసొచ్చింది.

ఇర్మా వంగి, మట్టిలో పడ్డ ముక్క తీసి, ఊది, తన నోట్లో వేసుకున్నాడు. ఇంకో ముక్క మీనా ముందు పెట్టాడు.

"భయపడకు చెల్లె, తిను. ఇది మీ ఆయన కొంటాలో కొన్న ఎద్దే. వాగు తాగినదాని కార్జం మీ వదిన తిన్నది."