కాయు తాత చేయి

సూది వినోదిని చేతిలోంచి జారి కింద పడింది.

ఎదురుగా కూర్చున్నామె భుజం పట్టుకుని లేచిపోయింది. "వేరే వాళ్ల కాడ పొడిపించుకుంటాను లా!"

మాట చివర 'లా' చేర్చడం మామూలైన మలేసియాలో, ఇపో ఊళ్లో ఫార్మసిస్టులకు టీకాలు వేయడం నేర్పే శిక్షణ అది. రబ్బరు చేయి మీద వినోదిని బాగానే పొడిచింది. మనుషులకు ఉత్త ఉప్పునీటి సూది వేయాల్సి వచ్చేసరికి చేయి కుదరడం లేదు. ఇందులో తప్పితే షాపులో వేరే మనిషిని పెట్టుకుంటానని ఓనరు ముందే చెప్పేశాడు.

"ఇలా రా అమ్మా. నన్ను పొడువు."

కిటికీ పక్క కుర్చీలో ఓ ముసలాయన. చొక్కా చేయి అప్పటికే పైకి మడిచి ఉంది.

"కాయు తాత," శిక్షణకు రెండోసారి వచ్చిన తోటి ఫార్మసిస్టు తనూష చెవిలో చెప్పి నవ్వింది. "ఎంత పొడిచినా తెలీదు. తాగడానికి మైలో ఇస్తారని ప్రతి బ్యాచ్‌కీ వచ్చేస్తాడు."

కాయు అంటే మలాయి భాషలో కర్ర.

వినోదిని పొడిచింది. సూది వంకరగా దిగింది.

"నొప్పా తాతా?"

"ఏటీ తెలీలేదు. మళ్లీ పొడువు లా, బయమెందుకు?" ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

మళ్లీ పొడిచింది. మళ్లీ. ఆయన కదల్లేదు. ఆమె చేయి కుదురుకుంది.

ఏసీ హాల్లో ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది. ముసలితనం కాబోలు అనుకుంది.

సాయంత్రానికి వినోదిని పాసైంది. ఆయన ఇంకా ఆ కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాడు.

"మైలో అయిపోయింది తాతా, ఇంక ఇంటికెళ్లు," అంది తనూష. అందరూ నవ్వారు. వినోదిని కూడా నవ్వి కారెక్కింది. ఆయన పేరైనా అడగలేదు.

తర్వాత షాపులో టీకాల పని ఆమెదే అయింది. సూది వేసినట్టే లేదని జనం మెచ్చుకునేవారు. మొదట్లో పొంగిపోయేది, రాన్రానూ ఏమీ అనిపించడం మానేసింది. పొడవడం, దూది పెట్టడం, తర్వాతి మనిషిని పిలవడం.

ఒకరోజు పునిత అనే ఆమె ఫ్లూ సూదికి వచ్చింది.

"మీ కాడే ఏయించుకోమని మా నాన్న సెప్పినాడు. ట్రైనింగులో మీకు సెయ్యి ఇచ్చినాడంట."

"కాయు తాతా?" వినోదిని నోరు జారింది. "ఎలా ఉన్నారు?"

"పోయిన నెల పోయినాడు. గుండె."

వినోదిని దూది తడిపింది.

"గట్టి మనిషి. సూది పొడిస్తే తెలిసేదే కాదు ఆయనకి," అంది.

"ఎవులు సెప్పినారు?" పునిత తలెత్తింది. "సూది సూస్తే కాళ్లలో సత్తువ పోయీది ఆయనకి. ట్రైనింగు అయినాక లేవలేక కూకునుంటే, నేనెల్లి లేపుకొచ్చీదాన్ని."

దూది వినోదిని వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"మరెందుకు వచ్చేవారు?"

"కోవిడ్‌లో అమ్మ పోయినాది," జాకెట్టు చేయి పైకి లాక్కుంటూ చెప్పింది పునిత. "టీకా హాల్లో సూది సూసి నాన్న పారిపోతే, ఒక్కడినీ ఒగ్గలేక అమ్మ కూడా ఏయించుకోకండా ఆయనెనకే వచ్చీసినాది."