మా మనిషి కాదు

ఆఖరి ప్రశ్నకు ఇద్దరూ పలకలు పైకెత్తారు.

ఒవైస్ పలక మీద నలభై ఏడు. జెరూషా పలక మీద నలభై అయిదు.

ప్రశ్న చిన్నదే. ఇప్పటిదాకా అమెరికాకు అధ్యక్షులైనవాళ్లు ఎంతమంది?

శంషాబాద్‌లో కొత్తగా పెట్టిన ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఫంక్షన్ హాల్లో నడిపిస్తున్న పోటీ అది. చివరి రౌండంతా అమెరికా ఎన్నికల మీదే. గెలిచిన ఒక్కరికి పోలీసు ఉద్యోగాల కోచింగ్, హాస్టలు, భోజనం అన్నీ ఉచితం. రెండో బహుమతి లేదు.

అప్పటికి ఇద్దరి మార్కులూ సమానం.

ఈ సీటు రాకపోతే జెరూషాకు సోమవారం నుంచి గగన్‌పహాడ్‌లో ప్యాకింగ్ పని. కంపెనీ వాళ్లకు మాట కూడా ఇచ్చేసింది. కిందటిసారి కానిస్టేబుల్ పరీక్ష రెండు మార్కులతో పోయింది. పనిలో పడ్డాక మళ్లీ పుస్తకం ముట్టడం ఉండదని ఆమె అన్న కరుణ్‌కు తెలుసు. డిగ్రీ మధ్యలో స్టీరింగు పట్టినవాడు అతను.

ఎయిర్‌పోర్టు సవారీ వదులుకొని వచ్చి, ముందు వరసలో కూర్చుని కాలు ఆడిస్తున్నాడు.

ప్రశ్నలు అడుగుతున్న అరవింద్ తన కాగితం చూసి, సరైన జవాబు నలభై ఏడని ప్రకటించాడు.

జెరూషా లేచింది.

"నలభై ఏడనేది వరస నంబరు సార్, మనుషుల లెక్క కాదు. మొన్న ఇరవై నాలుగుల గెలిచిన ట్రంప్ నలభై అయిదో అధ్యక్షుడు, నలభై ఏడో అధ్యక్షుడు గూడ. వెనకట క్లీవ్‌లాండ్ అనేటాయన గట్లనే నడుమ ఓడిపోయి మల్ల గెలిచిండు. ఇద్దరినీ రెండేసిసార్లు లెక్కవెట్టిన్రు. మనుషులు నలభై అయిదుగురే."

అరవింద్ కాగితం వైపు మళ్లీ చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక్క నిమిషం ఆగమని ఫోను బయటికి తీశాడు.

కరుణ్ కాలు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే వెనక వరసలో ఒక పెద్దమనిషి లేచాడు. మాసిన అంగీ. గోళ్లలో టైర్ల నలుపు.

"ఫోనెందుకు సార్. ఆ బిడ్డ చెప్పిందే కరెక్టు. మీ కాగితమే తప్పు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో అరవింద్ మొహం మారిపోయింది. ఫోను జేబులో పడేశాడు.

పోటీకి ముందు చదివిన నియమాన్ని మైకులో మళ్లీ చదివాడు. కింద కూర్చున్నవాళ్లు ఎవరికి సాయంగా నోరు విప్పినా, ఆ అభ్యర్థికి ఆ ప్రశ్న పోయినట్టే.

తను చెప్పిన తర్వాతే ఆయన మాట్లాడాడని జెరూషా మొత్తుకుంది. పక్క కుర్చీలో ఒవైస్ తల వంచుకొని పలక తుడుస్తున్నాడు.

అరవింద్ ముందు వరస వైపు తిరిగాడు.

"మీ మనిషేనాండీ ఆయన?"

"మా మనిషి కాదు సార్. ఎవడో మాకెరుకలేదు," అన్నాడు కరుణ్.

"మీ మనిషి కాకపోతే మీ అమ్మాయి కోసం ఎందుకు లేస్తాడండీ?"

కరుణ్ వెనక వరస వైపు తిరిగాడు.

పెద్దమనిషి ఏదో చెప్పబోయాడు. హాలు మీదుగా విమానం పోయింది. ఆ మోత తగ్గేలోపే సెంటర్ కుర్రాళ్లు ఇద్దరు రెక్కలు పట్టి ఆయన్ను బయటికి గెంటారు.

కరుణ్ వెనకాలే వెళ్లాడు. గేటు దగ్గర దొరకబుచ్చుకొని అంగీ పట్టుకున్నాడు.

"నిన్నెవడు లెవ్వమన్నడు? సారు ఫోన్ల చూస్తుండె గదా. చూసి ఒప్పుకునేటోడు. నీ పెద్దరికం ఎవనికి గావాలె?"

"తప్పయింది బిడ్డా. నడు, ఇద్దరం లోపటికి పోదాం. నేనెవరో చెప్తే మీ చెల్లె మీది మాట పోతది."

"నువ్వెవరైతే మాకేంది? కలెక్టర్‌వా?"

"జర చెప్పేది ఇను."

కరుణ్ వినలేదు. రెండు చేతులతో నెట్టాడు. ఆయన గేటు కమ్మీకి తగిలి కూలబడ్డాడు. ఒక చెప్పు ఊడి రోడ్డు మీద పడింది. మళ్లీ లోపల కాలు పెడితే ఆ కాలు ఉండదని చెప్పి, కరుణ్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

లోపల చప్పట్లు మోగేదాకా కదల్లేదు.

చప్పట్లు విన్నాక పెద్దమనిషి లేచాడు. చెప్పు వెతుక్కొని తొడుక్కున్నాడు. రోడ్డు పక్క బస్‌స్టాప్ వైపు నడిచాడు.

జెరూషా వచ్చి కారెక్కింది. ఏడవలేదు. సోమవారం పొద్దున ఆరింటికి షిఫ్టని, తనను దింపాల్సి ఉంటుందని మాత్రం చెప్పింది.

ఆ మాటతో కరుణ్‌కు మళ్లీ మండింది. బస్‌స్టాప్ ముందు కారు ఆపాడు. దిగి ఆ మనిషిని ఇంకో నాలుగు అందామని తలుపు మీద చెయ్యి వేశాడు.

అంతలో ఒవైస్ హాల్లోంచి ఉరికొచ్చాడు. మెడలో దండ ఇంకా తీయలేదు. సీటు కాగితం పెద్దమనిషి మొహం ముందు ఆడిస్తూ ఉర్దూలో అరిచాడు.

సవారీలతో అలవాటైన భాషే. కరుణ్‌కు ప్రతి మాటా అర్థమైంది.

"సొంత కొడుకు గెలుస్తుంటే, పరాయి పిల్ల కోసం ఎందుకు లేచావు అబ్బా?"