పరీక్షకు ముందు రిహార్సల్

ఫోను మోగినప్పుడు హర్షిణి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తడి చేయి చున్నీకి తుడుచుకుని స్పీకరు నొక్కింది. కంటి దవాఖాన నుంచి డాక్టర్ రమాకాంత్. చూపు బాగా మందగించినవాళ్లకు ఇంటి పనులు మళ్లీ నేర్పే ట్రైనరు ఉద్యోగానికి ఆమెను ఎంపిక చేశామన్నాడు. ఒక్క పరీక్ష మాత్రం మిగిలి ఉంది. రేపు పొద్దున ఆయన ముందు ఒక పేషెంటుకు పాఠం చెప్పి చూపించాలి. పేషెంటుగా నర్సు నటిస్తుందనీ, ఆమె అంత తేలిగ్గా లొంగదనీ, సిద్ధపడి రమ్మనీ చెప్పి పెట్టేశాడు.

హర్షిణి పళ్లెం చేతిలో ఉండగానే వంటింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగింది. సగం కాయలు నేల మీద పడ్డాయి. మెడలో పసుపుతాడు ఇంకా రంగు మాయలేదు. చదివిన చదువుకు సిద్దిపేటలోనే ఉద్యోగం! రోజూ సాయంత్రం ఇల్లు చేరుకుని, శైలేందర్‌తో కోమటిచెరువు కట్ట మీద మొక్కజొన్న కంకి తింటూ తిరగొచ్చు. రేపు తప్పిందంటే మాత్రం మళ్లీ హైదరాబాదు, మళ్లీ హాస్టలు, వారానికోసారి బస్సులో మొగుడి దగ్గరికి.

కబురు విని శైలేందర్ ఎరువుల దుకాణం అప్పుడే మూసేసి జిలేబీ పొట్లంతో వచ్చాడు. మామ బాలయ్య టీవీ గొంతు తగ్గించాడు. అత్త స్వరాజ్యలక్ష్మి మాత్రం గడప దగ్గరే కూర్చుని అడిగింది.

"ఎవ్వలింటికో వోయి పాలు వంపుడు నేర్పుడు గూడ నౌకరేనా బిడ్డా?"

అద్దాలకూ ఆపరేషన్‌కూ లొంగని చూపు కొందరికి ఉంటుందనీ, ఆ మిగిలిన కాస్త చూపుతో ఎట్లా బతకాలో పక్కన కూర్చుని చూపించేవాళ్లు కావాలనీ హర్షిణి వివరించింది.

రిహార్సల్‌కు ఒక పేషెంటు కావాలి. మొదట శైలేందర్ కూర్చున్నాడు. చేతులు ముందుకు చాపి సినిమాలో దయ్యంలాగా తడుముతూ, మధ్యలో తన ఫోనుకు వచ్చిన మెసేజీ చదువుకున్నాడు. హర్షిణి అతణ్ని లేపేసింది. బాలయ్యను అడిగితే వార్తల టైమన్నాడు.

"నేను కూసుంట తియ్యి. మా అత్తకు గట్లనే ఉండె. అన్నీ నాకెర్కే" అని స్వరాజ్యలక్ష్మి వచ్చి కుర్చీలో కూర్చుంది.

బాలయ్యకు నవ్వొచ్చింది. "ఈమెనా? మన కొడుకు పెండ్లిచూపులల్ల పిల్లను చూడుమంటే, గొంతు మంచిగున్నది సాలు అన్న మనిషి."

"గొంతు మంచిగుంటే గుణం మంచిగుంటది. నిన్ను చూసి చేసుకున్న, ఏమైంది?" అంది స్వరాజ్యలక్ష్మి. శైలేందర్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

హర్షిణి పాత్ర వివరించింది. చుట్టూ కనిపిస్తుంది, నడుమ కనిపించదు. మనిషిని చూడబోతే సరిగ్గా మొహమే మాయమైపోతుంది. అత్త తలూపింది.

పేషెంటు మొదటి నుంచీ మొండికేసింది. తెల్లకప్పు ఇచ్చి పాలు వంపమంటే, కప్పు దాటించి టేబుల్ గుడ్డ మీద పోసింది. పైగా కప్పుదే తప్పన్నట్టు దాన్ని పక్కకు నెట్టింది. ఇంత బాగా చేస్తున్నందుకు అవార్డు ఇవ్వాలన్నాడు శైలేందర్. తెల్లకప్పులో తెల్లపాలు, తప్పు తనదేనని హర్షిణికి వెలిగింది. ముదురు ఎరుపు కప్పు తెచ్చిపెట్టింది. ఈసారి పాలు అంచు దగ్గర చక్కగా ఆగాయి. హర్షిణి చప్పట్లు కొట్టింది.

తర్వాత పేషెంటును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చూపు తగ్గిన సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగింది.

"చెప్తే ఏమైతది? పొయ్యి కాడికి రానియ్యరు. మంచంల కూసోవెట్టి కంచం చేతికిస్తరు. ఇంట్ల ఉండుకుంటనే సుట్టపుదాన్ని అయిత."

బాలయ్య టీవీ వైపు నుంచి తిరిగాడు. తన తల్లి చివరి రోజుల్లో అచ్చం ఇట్లాగే అనేదన్నాడు.

దీనికి ఏం చెప్పాలో హర్షిణి చదివిన పుస్తకాల్లో లేదు. అత్త మోకాలి మీద చేయి వేసింది. "మీ పని నేను చెయ్యనమ్మా. మీ పని మీతోనే చేపిస్త. పొయ్యి గూడ మీదే, కంచం గూడ మీదే."

ఇక చివరి పాఠం. "నా మొకం దిక్కు చూడకుండ్రి. నా చెవి దిక్కు చూడుండ్రి. మెల్లగ పైకి వోండ్రి. ఎక్కడ నా మొకం మంచిగ కనవడ్తదో గాడ ఆగుండ్రి."

స్వరాజ్యలక్ష్మి చూపు కోడలి చెవి దాటింది, జుట్టు దాకా పోయింది, మళ్లీ కొంచెం కిందికి దిగి ఆగింది. ఆగి, అట్లాగే ఉండిపోయింది. శైలేందర్ ఏదో అనబోతే చేత్తో వారించింది.

"గదుమ మీద పుట్టుమచ్చ ఉన్నది" అంది చివరికి, కోడలి గడ్డం మీద వేలు పెట్టి.

శైలేందర్ ఈల వేశాడు. రేపు నర్సు ఇందులో సగం చేసినా చాలు, ఉద్యోగం తనదేనని హర్షిణికి ధైర్యం వచ్చింది. సంబరం పట్టలేక అత్తను గట్టిగా వాటేసుకుంది. అందరూ జిలేబీల మీద పడ్డారు. రేపు ఏ డ్రెస్సు వేసుకోవాలో హర్షిణి అడిగింది, పసుపుపచ్చది వేసుకోమన్నాడు శైలేందర్. పొద్దున్నే బండి మీద దింపి, పరీక్ష అయ్యేదాకా బయటే ఉంటానన్నాడు.

"రేపు నేను గూడ దవాఖానకు వస్త" అంది స్వరాజ్యలక్ష్మి.

అక్కడ నటించడానికి నర్సు ఉంటుందనీ, అత్తమ్మకు ఆ శ్రమ అక్కర్లేదనీ హర్షిణి నవ్వుతూ చెప్పింది.

"నీ మొకం నేను ఇయ్యాల్నే చూసిన బిడ్డా."