లేని ఆకలి

ఉప్పునీళ్ళు, బతికున్న పగడాలతో గాజుతొట్టెలో అమర్చిన ఓ చిన్న సముద్రంలో ముసలి నత్త, నారింజ చేప ఇరుగుపొరుగుగా ఉండేవి. ఇల్లావిడ అటు వస్తే చాలు, చేప అద్దానికి ముక్కు ఆనించి, నెల రోజులు పస్తున్నట్టు గిలగిల్లాడేది. ఆవిడ మనసు కరిగి చిటికెడు మేత వేసేది. చేప రెండు పలుకులు మింగి, మిగతాదంతా ఇసుకలోకి వదిలేసేది.

కొన్నాళ్ళకు ఇసుక మీద ఎర్రటి జిగురు పాచి పరుచుకుంది. పగడాలు ముడుచుకుపోయాయి.

"పాచి తినడం నీ పనేగా తాతా! తిని తగలడవేం?" అని చేప విరుచుకుపడింది.

"పచ్చదైతే తింటాను. ఈ ఎర్రది నాకు సయించదు. అయినా ఇది నీ ఎంగిలి కుళ్ళి పెరిగిందే," అంది నత్త.

ఆ వారమే పాచి పాకి, చేప పడుకునే పగడాన్ని కూడా కమ్మేసింది. ఆ రాత్రి చేప ఓ రాయి వెనక తలదాచుకుంది.

ఇల్లావిడ గొట్టంతో జిగురంతా లాగేసి, వెలుతురుంటే అది మళ్ళీ పెరుగుతుందని తొట్టె దీపం ఆర్పి, మూడు రోజులు దుప్పటి కప్పింది. దుప్పటి తీసేసరికి ఇసుక తెల్లగా ఉంది, పగడాలు విచ్చుకుంటున్నాయి. నత్తకు ప్రాణం లేచొచ్చింది.

పొద్దున మేత వేసిన ఆవిడ, మధ్యాహ్నం మళ్ళీ డబ్బాతో వచ్చింది. కథ మళ్ళీ మొదటికొస్తుందేమోనని నత్త అద్దం వైపు చూసింది. అక్కడ చేప లేదు.

"దీనికి ఆకలి లేనట్టుంది," అంటూ ఆవిడ డబ్బా మూసేసింది.

రాయి వెనక నుంచి చేప గొంతు సన్నగా వినిపించింది. "వెళ్ళిపోయిందా తాతా?"

"వెళ్ళిందిలే. ఇక బయటికి రా," అంది నత్త నవ్వుతూ.