పదిహేడో పట్టిక

డిస్కు కౌంటరు మీదుగా జారుకుంటూ వెనక్కి వచ్చింది.

"ఇది తీసుకోవడం కుదరదమ్మా."

అణు భద్రతా సంస్థ కార్యాలయంలో దాఖలు గది అది. గోడ గడియారంలో మూడుంపావు. ఐదింటితో గడువు సరి.

మరమ్మతుకని ఆపిన రియాక్టరును మళ్ళీ నడపడానికి అనుమతి రావాలంటే, భద్రతా నివేదిక ఈ పూటే ఇక్కడికి చేరాలి. ఆన్‌లైన్‌లో పంపడానికి ఫైలు మరీ పెద్దది. అందుకే ప్లాంటులో అనుమతుల పని చూసే లైసెన్సు ఇంజనీరు స్వయంగా తెచ్చింది.

"ఎందుకు కుదరదు?"

మోచేతుల దగ్గర వెలిసిన కోటు వేసుకున్న ముసలాయన తెరను ఆమె వైపు తిప్పాడు.

"పదిహేడో పట్టిక. కాగితాన్ని స్కాన్ చేసి అతికించారు. ప్రతి అక్షరమూ కంప్యూటరు వెతకగలిగేలా ఉండాలని నిబంధన."

"పద్నాలుగు వందల పేజీల్లో ఒక్క పేజీ అండీ!"

"ఆ ఒక్కటీ టైపు చేసెయ్యండి. ఆ మూల కంప్యూటరు ఉంది."

"దాన్ని వెతికేదెవరు?"

"అవసరం పడ్డవాళ్ళు."

ఫోన్ మోగింది. ప్లాంటు మేనేజరు.

"అయిందా?"

"లేదు సార్. ఒక పేజీ దగ్గర పట్టుకున్నారు."

"ఆ ముసలి గుమాస్తానా? వెనక్కి పంపకపోతే ఆయనకు అన్నం సహించదు. ఒక ఫిర్యాదు రాసి పారెయ్. ఐదు దాటిందా, రేపు నీ కుర్చీలో ఇంకొకరుంటారు!"

ఆమె రాసింది. 'ఈ వృద్ధుడు పనికి అడ్డంకి' అని రాసి, సంతకం చేసి, పక్కగది అధికారికి ఇచ్చి వచ్చింది.

ముసలాయన చూశాడు. కంప్యూటరు ముందుకు కుర్చీ జరిపి పెట్టాడు.

ఆమె టైపు మొదలుపెట్టింది. ఆవిరి గొట్టాల మీది నాలుగు వాల్వులు మూసుకోవడానికి పట్టే సమయం, సెకన్లలో. పదిహేడు. పంతొమ్మిది. ఒకటి పాయింట్ ఎనిమిది.

వేళ్ళు ఆగిపోయాయి.

పదిసార్లు చదివినా కళ్ళకు తగలని అంకె, ఇప్పుడు వేళ్ళకు తగిలింది. గొట్టం పగిలితే ఏమవుతుందన్న లెక్కంతా ఆ అంకె మీదే నిలబడి ఉంది.

వాల్వుల ఫోర్‌మన్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, మూడో వాల్వు మూసుకోవడానికి ఎంత పడుతుంది?"

"పద్దెనిమిది సెకన్లు. నేనే కొలిచి రాశాను."

"ఒకటి పాయింట్ ఎనిమిది కాదా?"

"టప్పున మూసుకోవడానికి అదేమన్నా ఎలుకల బోనా అక్కా!"

స్కానరు అద్దం మీది ఒక దుమ్ము కణం, ఒకటికీ ఎనిమిదికీ మధ్య చుక్కగా పడింది. అంతే.

నాలుగూ నలభైకి మళ్ళీ మేనేజరు.

"లెక్క తప్పు సార్. మళ్ళీ చెయ్యాలి. మూడు వారాలు పడుతుంది."

"దుమ్ము చుక్క కోసం ప్లాంటు ఆపుతావా? ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్. తర్వాత దిద్దుకుందాం."

ఒకటి పాయింట్ ఎనిమిది అనే కొట్టి ఇస్తే ముసలాయన తీసుకుంటాడు. నిబంధనకు లోటుండదు. ఈ గదిలో తప్పు తెలిసింది తనకొక్కదానికే.

"ఇవ్వను సార్."

ఫోన్ పెట్టేసి, డిస్కు సంచిలో వేసుకుని లేచింది.

"ఇంకా పావుగంట ఉందమ్మా," అన్నాడు ముసలాయన.

"సరిపోదండీ."

ఆయన ఆమె ముఖంలోకి ఓ క్షణం చూసి, నెమ్మదిగా తలూపాడు.

మూడు వారాల తర్వాత, దిద్దిన నివేదికతో ఆమె మళ్ళీ వచ్చింది. ప్లాంటులో ఆమె కుర్చీ ఎలాగో నిలబడింది. కౌంటరులో ఉన్న యువతి నివేదిక మీది ఆమె పేరు చదివింది.

"పెద్దాయన లేరా?"

"మీ ఫిర్యాదు తర్వాత రావద్దన్నారు మేడమ్."

ఆ హడావుడిలో ఆమె ఫిర్యాదు సంగతే మరిచిపోయింది.

"ఉద్యోగంలోంచి తీసేశారా?"

"ఉద్యోగమెక్కడిది? ఇరవై ఏళ్ళుగా జీతం లేకుండా కూర్చున్నారు. ఆ నిబంధన కూడా ఆయన కాళ్ళరిగేలా తిరిగి పెట్టించిందే."

"ఇంతకీ ఎవరాయన?"

యువతి గొంతు తగ్గించింది.

"అప్పట్లో ఒక ప్లాంటులో ప్రమాదం జరిగి ఐదుగురు పోయారు కదా. వాళ్ళ నివేదికలో స్కాన్ చేసిన ఒక పేజీలో మసకబారిన అంకె ఎవరికీ కనపడలేదు."

"తెలుసు. మాకది పాఠం."

"ఆ నివేదికను గడువుకు గంట ముందే తెచ్చి ఇచ్చిన లైసెన్సు ఇంజనీరు ఆయనే మేడమ్."