ఇంకొక్క చుట్టు

విమానం కొబ్బరిచెట్ల మీదుగా దిగి, చక్రాలు నేలకి మనిషెత్తులోకి వచ్చాక, గభాలున మళ్ళీ పైకి లేచిపోయింది. దిగడానికి చోటుంటేగా! ఎండిన ఉప్పునేల మీద, సరిగ్గా అది దిగాల్సిన చోట, దిబ్బ మీది ఊరు ఊరంతా వచ్చి నిలబడి ఉంది.

“జరగండయ్యా! మీకు దణ్ణం పెడతాను, జరగండి!” అంటూ కృపానందం ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెడుతున్నాడు. అతని గొంతు ఎప్పుడో పోయింది. జనం మాత్రం ఎగిరిపోయిన విమానానికి చప్పట్లు కొట్టారు.

ఆ పొద్దున్నే అతని భార్య సువర్ణని రక్తపింజరి కరిచింది. విషానికి మందు బందరులో ఉంది. రోడ్డూ పడవా పట్టుకుని వచ్చేసరికి ప్రాణం ఉండదని, పొలాల మీద పురుగుమందు చల్లే చిన్న విమానంలో డాక్టరుని పంపించారు. దివిసీమ చివర, సముద్రం అంచున ఉన్న ఆ దిబ్బకి విమానం రావడం అదే మొదలు. ఇక ఇళ్ళల్లో ఎవరు కూర్చుంటారు? ముసలమ్మల్ని కూడా మంచాలతో సహా మోసుకొచ్చారు.

అందరికంటే ముందు ప్రెసిడెంటు కొండలరావు, చేతిలో బంతిపూల దండతో.

“ప్రెసిడెంటు గారూ, మీరు కదిల్తే అందరూ కదుల్తారండీ!”

“భలేవాడివే! వచ్చేది ఎవరనుకున్నావ్? మన విల్సన్! ఈ దిబ్బ మీద పుట్టి, ఈ బురదలో పీతలు పట్టినవాడు డాక్టరై ఆకాశంలోంచి దిగుతుంటే దండెయ్యకుండా ఇంట్లో కూర్చోమంటావా?”

“దిగాక వెయ్యండి బాబూ! ముందు దిగనివ్వండి!”

“దిగుతాడ్లేవయ్యా. అవనిగడ్డ బస్సు ఆగట్లా? చెయ్యెత్తితే అదే ఆగుద్ది.”

విమానం మళ్ళీ వచ్చింది. వందమంది ఒక్కసారిగా చేతులెత్తారు. అది ఆగలేదు సరికదా, ఇంకా పై నుంచే దాటిపోయింది. పోతూ పోతూ రాయికి చుట్టిన కాగితం ఒకటి కింద పడేసింది. కొండలరావు దాన్ని విప్పి పైకి చదివాడు.

“జనాన్ని తప్పించండి. తిరుగు ప్రయాణానికి పోగా మిగిలే పెట్రోలు ఇంకొక్క చుట్టుకే వస్తుంది. అప్పుడూ చోటు లేకపోతే వెళ్ళిపోతాను.”

కొండలరావు మొహం పాలిపోయింది. ఈసారి అతనే “జరగండి, జరగండి” అని కేకలేశాడు. ముందున్నవాళ్ళు జరిగారు కూడా. వెనకవాళ్ళకి కాగితం సంగతి ఏం తెలుసు? చోటు దొరికిందే చాలని ముందుకు తోసుకొచ్చారు. కృపానందం కర్ర పుచ్చుకుని ఇద్దర్ని బాదాడు. దెబ్బ తిన్నవాళ్ళు “పాపం, పెళ్ళాం బాధలో ఉన్నాడు” అని జాలిపడ్డారే గానీ అంగుళం కదల్లేదు.

అతని అత్త ధనమ్మ రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. “అల్లుడూ, పిల్ల చిగుళ్ళలోంచి నెత్తురొస్తోందయ్యా! డాక్టరేడీ?”

కృపానందం పైకి చూపించాడు. విమానం సముద్రం మీద వెనక్కి తిరుగుతోంది. అదే ఆఖరి చుట్టు.

“నువ్వు సువర్ణ దగ్గరికి పో అత్తా,” అని, కర్ర పారేసి, చర్చి వైపు పరుగు తీశాడు.

చర్చి బయట రెండు దుంగల మధ్య గంట వేలాడుతోంది. ఆ దిబ్బ మీద ఎవరింట ప్రాణం పోయినా ఆ గంటే కొడతారు. ఒక్క దెబ్బ, కాస్త ఆగి, మళ్ళీ ఒక్క దెబ్బ. అది వినబడితే అన్నం ముందు కూర్చున్నవాడైనా చెయ్యి కడుక్కుని చర్చి దగ్గరికి రావాల్సిందే. కృపానందం తాడు పట్టుకున్నాడు. బతికున్న పెళ్ళానికి చావుగంట కొట్టే మొగుడు లోకంలో ఎవడైనా ఉంటాడా?

“ప్రభువా, నన్ను క్షమించు,” అని కళ్ళు మూసుకుని లాగాడు.

ఠంగ్. ఆగాడు. ఠంగ్.

ఉప్పునేల మీద చప్పట్లు ఆగిపోయాయి. మగవాళ్ళు తలగుడ్డలు తీశారు. కొండలరావు దండని తుమ్మకొమ్మకి తగిలించి చర్చి వైపు నడిచాడు. అతని వెనకే ఊరంతా నడిచింది. ముసలమ్మల మంచాలు కూడా లేచాయి. కర్రకి కదలని జనం గంటకి కదిలారు. ఉప్పునేల మీద మనిషన్నవాడు మిగల్లేదు.

“అయ్యో సువర్ణా! అప్పుడే వెళ్ళిపోయావా తల్లీ!” ఆడవాళ్ళు రాగం అందుకున్నారు. గంట కొడుతున్నది మొగుడే అయినప్పుడు ఇక వేరే అడగాలా!

కొండలరావు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. “ఎంతసేపయిందయ్యా?”

కృపానందం మళ్ళీ తాడు లాగాడు. నిజం చెప్తే ఉన్నపళంగా అందరూ మళ్ళీ అటే పరిగెడతారు. చెట్ల అవతల విమానం చప్పుడు దగ్గరయింది, కిందికి దిగింది, నేల మీద గడగడలాడింది. అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బతికింది, సువర్ణ బతికింది! విల్సన్ కిందికి దిగి వచ్చేదాకా ఒక్కడూ కదలకూడదని తాడు ఇంకా గట్టిగా లాగాడు.

ఉప్పునేల మీద ఇంజను ఆగింది. పైలట్ ధనుంజయరావు నుదుటి చెమట తుడుచుకున్నాడు. “త్వరగా వెళ్ళి రండి డాక్టరు గారూ. మబ్బు పట్టేస్తోంది.”

విల్సన్ మందుపెట్టెతో ఒక కాలు కింద పెట్టి, అక్కడే ఆగిపోయాడు. ఎదురొచ్చిన మనిషి లేడు. చెట్ల అవతలి నుంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. దాని మీదుగా గంట వినిపిస్తోంది. అతను మెల్లగా టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“వెనక్కి పోదాం పదండి ధనుంజయరావు గారూ. బందరులో ఇంకో పాము కేసు ఉంది, ఉన్న ఈ కాస్త మందూ వాళ్ళకన్నా అందుతుంది,” అంటూ మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. “ప్రాణం పోయాక తప్ప మా వాళ్ళు ఆ గంట కొట్టరు.”